కర్గీ రోడ్‌కు మా పట్టిక చదివి వినిపించిన సోమవారం

మీ ముందున్న యంత్రం ఒక ఊరికి దారి చూపిస్తోంది. ఆ దారి ఇవాళ ఉందా, లేక ఎప్పుడో ఉండేదా? ఉందని మీరంటే నాది ఇంకొక్క ప్రశ్న: మీకెవరు చెప్పారు?

నెట్‌వర్క్ పనిలో కొత్తగా చేరే పిల్లలను నేను మొదటి రోజున ఇదే అడిగేదాన్ని. చాలామంది తెర వైపు వేలు చూపించేవారు. తెర సాక్షి కాదమ్మా, సాక్షి మాటను మోసుకొచ్చిన బంట్రోతు అని చెప్పేదాన్ని. నవ్వేవారు. ఆ ప్రశ్న వెనక ఒక మనిషి ఉద్యోగం దాదాపు పోయిన కథ ఉందని వాళ్ళకు తెలియదు. రిటైరయ్యాను కనుక ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లూ మెమోలూ వదిలేస్తాను. అవి నాకే జ్ఞాపకం లేవు.

పని ఏమిటంటే

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్‌కు రైలుపనికి వచ్చాడు. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. నేను కాలేజీలో చదువుకన్నా వక్తృత్వ పోటీలకు ఎక్కువ పేరు తెచ్చుకున్నాను. మాకు తర్ఫీదిచ్చిన లెక్చరర్ ఎదుటివాడు ఏ మాటన్నా మూడు ప్రశ్నలు వెయ్యమనేవారు. నీకెవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? వాళ్ళకెలా తెలిసింది? ఆ మూడు ప్రశ్నలతో నేను కప్పులు చాలా గెలిచాను, స్నేహితులను కొందరిని పోగొట్టుకున్నాను.

తొంభైల మొదట్లో ఒక సంస్థ కంప్యూటర్ విభాగంలో చేరాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. బిలాస్‌పూర్‌లో ప్రధాన కార్యాలయం. కర్గీ రోడ్, పెండ్రా రోడ్, కోర్బాలలో చిన్న ఆఫీసులు. ఒక్కో చోట ఒక్కో యంత్రం, వాటిని కలుపుతూ టెలిఫోన్ తీగలు. ఒక ఊరి నుంచి బయలుదేరిన సందేశం ఇంకో ఊరికి చేరేలా ఆ యంత్రాల్లోని దారుల పట్టికలను సరిగ్గా ఉంచడం నా పని.

పట్టిక అంటే భయపడకండి. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాకు కట్నీ దాకా ఉన్న స్టేషన్లన్నీ నోటికి రానక్కర్లేదు. ఈ మూట ఏ ప్లాట్‌ఫారం మీద పెట్టాలో తెలిస్తే చాలు. యంత్రం సంగతీ అంతే. పెండ్రా రోడ్‌కు పోయే సందేశమా? కర్గీ రోడ్‌కు అందించు. అక్కడి నుంచి ముందుకు పంపడం కర్గీ రోడ్ బాధ్యత. ప్రతి యంత్రమూ పక్కదాన్ని నమ్ముతుంది. ఈ వృత్తిలోని అందమూ ప్రమాదమూ రెండూ ఆ నమ్మకంలోనే ఉన్నాయి.

మొదట్లో పట్టికలన్నీ చేత్తో రాసేవాళ్ళం. అందుకని మా విభాగంలో ఒక ఆచారం ఏర్పడింది. ప్రతి సోమవారం ఉదయం పది గంటలకు ఒక్కో ఆఫీసు ఫోన్ చేసి తన పట్టికను గట్టిగా చదివేది. మేము బిలాస్‌పూర్‌లో పుస్తకం ముందు పెట్టుకుని టిక్కు పెట్టేవాళ్ళం. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టుండేది. వాళ్ళు చదవాలి, మేము వినాలి. మా పట్టికను మేము ఎవరికీ చదివి వినిపించేవాళ్ళం కాదు. ప్రధాన కార్యాలయం అప్పజెప్పడమేమిటి? ఎక్కాలు మాస్టారు ఒప్పజెప్తాడా? అన్నిటినీ ప్రశ్నించే నాకు ఈ ఒక్క ప్రశ్న మాత్రం తట్టలేదు.

కోతులు

కర్గీ రోడ్ ఆపరేటరు పేరు సింహాచలం. మా వాళ్ళలాగే ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబం. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. వేగంగా టైపు చేసేవాడు, నిదానంగా మాట్లాడేవాడు. ఏడేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. ఏటా పర్మనెంట్ చేస్తామనేవారు, ఏటా చెయ్యలేదు.

నేను చేరిన కొత్తలో ఒకరోజు కర్గీ రోడ్ లైను పోయింది. ఫోన్ చేశాను.

"కోతులు కేబుల్ కొరికేసేయమ్మా," అన్నాడు.

మా గదిలో అందరూ పగలబడి నవ్వారు. మా పై అధికారి నరహరి గారు వరంగల్ వైపు మనిషి. ఆయన రిసీవర్ లాక్కుని, "ఏందయ్యా సింహాచలం, పోయిన నెల పిడుగన్నవు, ఈ నెల కోతులంటున్నవు. వచ్చే నెల ఏనుగులొస్తయా?" అన్నారు.

"నాను సెప్పేది సెప్పేను సార్. అబద్దమాడితే నాకేటొస్తాది?"

మర్నాడు నేనే ప్యాసింజరెక్కి వెళ్ళాను. గోడ మీద రెండు కోతులు కూర్చుని, మూడోదానికి తోక పట్టుకుని పేలు చూస్తున్నాయి. కేబుల్ మీద పళ్ళ గాట్లు స్పష్టంగా కనిపించాయి. సింహాచలం నా ముందు టీ గ్లాసు పెట్టి, "దాన్ని సాక్షానికి బిలాస్‌పూర్ అట్టుకెల్తారేటి?" అని అడిగాడు.

ఆ కేబుల్ ముక్క కోసి తెచ్చి నరహరి గారి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి నవ్వి ఊరుకున్నారు. అయినా మా గదిలో ఏ లైను పోయినా "కర్గీ రోడ్ కోతులేనా?" అనడం అలవాటైపోయింది. నిజం చెప్పిన మనిషి పేరు అబద్ధానికి మారుపేరయింది. ఆ రోజు నేను కూడా నవ్వాను.

అమ్మా, నీళ్ళ వార్తా

ఆ తరువాత రెండేళ్ళకు చేత్తో రాసే బాధ తప్పించే ప్రోగ్రాం వచ్చింది. ప్రతి యంత్రమూ అర నిమిషానికోసారి పక్క యంత్రాలకు తనకు తెలిసిన దారులన్నీ చెబుతుంది. పక్కది విని తన పట్టిక దిద్దుకుంటుంది. ఒక దారి గురించి మూడు నిమిషాల పాటు ఎవరూ ఏమీ చెప్పకపోతే దాన్ని కొట్టేస్తుంది. చూడముచ్చటగా ఉండేది. పట్టికలో ప్రతి గీత పక్కనా దాని వయసు, అంటే ఆ మాట విని ఎంతసేపయిందో, సెకన్లలో కనిపించేది.

ఇందులో ఒక చిక్కుంది. దాన్ని నాకు పుస్తకం కన్నా ముందు మా అమ్మ నేర్పింది. మేమింకా రైల్వే క్వార్టర్లో ఉన్న రోజుల మాట. ఆఫీసు నుంచి రాగానే అమ్మ బిందెలన్నీ నింపుతోంది.

"ఏటే అలా సూస్తావు? బకెట్టందుకో. రేపు నీల్లు రావంట."

"ఎవరు చెప్పారమ్మా?"

"పొద్దున్న ఎవులో అనుకుంటంటే ఇన్నాను. నిజమో కాదో అనుకున్నాను. ఇప్పుడు పక్కింటి లచ్మి కూడా అదే సెప్పింది. ఇంకేటి కావాలి?"

"లక్ష్మత్తకెవరు చెప్పారు?"

అమ్మ చెంబు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. "నానే సెప్పేను," అంది. మరుక్షణమే, "అయితే మాత్రం ఏటి? నింపుతే నష్టమేటి? నీ డిబేటు అవతల పెట్టి బకెట్టందుకో," అంది.

మర్నాడు నీళ్ళు బ్రహ్మాండంగా వచ్చాయి.

మనం పక్కవాళ్ళకు చెప్పిన మాట వాళ్ళ నోట తిరిగొస్తే, దాన్ని రెండో సాక్ష్యంగా లెక్కపెడతాం. పక్కదాని దగ్గర విన్న దారిని తిరిగి దానికే చెప్పకూడదనే నియమం మంచి ప్రోగ్రాంలలో ఉంటుంది. మా పాత ప్రోగ్రాంకు ఆ సంయమనం లేదు. అది అచ్చంగా లక్ష్మత్త.

నలభై మరణవార్తలు

అదే ఏడాది కోర్బా నుంచి పెండ్రా రోడ్‌కు ఇంకో లైను వేశారు. అంటే బిలాస్‌పూర్ నుంచి పెండ్రాకు రెండు దారులు: ఒకటి కర్గీ రోడ్ మీదుగా, ఇంకొకటి కోర్బా మీదుగా. ఒకటి తెగితే ప్రోగ్రాం దానంతటదే రెండోది పట్టుకోవాలి. లైను తెచ్చింది నరహరి గారు. ఆ దారి ఆయనకు కూతురు పెళ్ళంత గొప్ప.

ఆ వానాకాలం అర్పా నది నిండుగా పారుతున్న వారం, కర్గీ రోడ్‌కూ పెండ్రాకూ మధ్య లైను తెగింది. రోజుల తరబడి బాగుకాలేదు. కోర్బా దారి చక్కగా ఉంది. అయినా మా నుంచి పెండ్రాకు ఒక్క సందేశమూ చేరలేదు.

సందేశాలు దారిలో పోతే మాకు తెలిసే పద్ధతొకటి ఉండేది. ప్రతి సందేశమూ మా ఆఫీసు కంప్యూటర్ నుంచి ముప్పై అనే అంకె మోసుకుని బయలుదేరుతుంది. దారిలో ప్రతి యంత్రమూ అందులో ఒకటి తగ్గిస్తుంది. ఎవరి చేతిలో సున్నా అవుతుందో ఆ యంత్రం సందేశాన్ని పారేసి, "ఇది నా దగ్గర పోయింది" అని వెనక్కు కబురంపుతుంది. అలాంటి కబుర్లు నలభై వచ్చాయి. నలభైకి నలభై కర్గీ రోడ్ నుంచే.

నరహరి గారు కాగితాలు నా ముందు పరిచారు. "జూడు. గా మనిషి కొత్త ప్రోగ్రాం బంద్ జేసి కూసున్నడు. యంత్రం బరువైతదని పోయినసారి మొత్తుకున్నడు గదా."

"సార్, ఆయన బంద్ చేశాడని ఎవరు చెప్పారు?"

"మళ్ల డిబేటు మొదలువెట్టినవా? నలభై సాక్ష్యాలమ్మా! ఒక్క ఊరి నుంచే. ఇంకేం గావాలె నీకు?"

ఆ శుక్రవారం తాత్కాలిక ఉద్యోగుల జాబితా పైకి వెళ్ళాలి. ఒక్కొక్కరి పేరు పక్కనా అధికారి అభిప్రాయం రాయాలి. సింహాచలం పేరు పక్కన ఆయన రాసినది నాకు తలకిందులుగా కనిపించింది: విధుల్లో నిర్లక్ష్యం, కొనసాగించనక్కరలేదు. తొమ్మిదేళ్ళ ఉద్యోగానికి ఒక్క గీత.

నా దగ్గర వాదన ఉంది, సాక్ష్యం లేదు. పైగా నాకు వ్యతిరేకంగా నా సొంత పుస్తకమే ఉంది. ప్రోగ్రాం వచ్చినా మానని ఆచారం ప్రకారం ఆ సోమవారం సింహాచలం తన పట్టిక చదివాడు: "పెండ్రా రోడ్డు, బిలాస్‌పూర్ మీదుగా." ప్రోగ్రాం కోర్బా దారిని పట్టుకుందని సంతోషించి నేనే టిక్కు పెట్టాను. అలాంటప్పుడు సందేశాలు అతని దగ్గరెందుకు పోతున్నాయి?

"సార్, రేపొక్కరోజు ఇవ్వండి. వెళ్ళి చూసొస్తాను."

"పో. కోతుల్ని గూడ అడిగి రా."

రెండు దీపాలు

బుధవారం పొద్దున్నే కర్గీ రోడ్‌లో దిగాను. సింహాచలం మామూలుగానే టీ తెచ్చాడు, కానీ నా ఎదుట కూర్చోలేదు.

"పేరు కొట్టేస్తారంట కదమ్మా?"

"ఇంకా ఏమీ తేలలేదు. ప్రోగ్రాం నడుస్తోందా?"

"ఎందుకు నడవదు? మీరే సూడండి." నడుస్తోంది. అర నిమిషానికోసారి ఠంచనుగా పలుకుతోంది. అతడు ఒక్కో లైనుకు ఒక్కటి చొప్పున ఉన్న మోడెమ్ పెట్టెల వైపు చెయ్యి చూపించాడు. పెండ్రా మోడెమ్ చీకటిగా ఉంది. బిలాస్‌పూర్ మోడెమ్ మీద లోపలికొచ్చే దీపమూ బయటకెళ్ళే దీపమూ పోటీపడి మిణుకుతున్నాయి.

"మీకాడ నుంచొచ్చింది మీకాడికే పోతంది. మల్లీ వొస్తంది, మల్లీ పోతంది. పోయిన మంగల్వారం నుంచి ఇదే తంతు. నాను సెప్తే కోతులంటారని సెప్పలేదు."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని వేళ్ళ మీద లెక్క పెట్టాను. ముప్పైతో బయలుదేరిన సందేశానికి మొదట బిలాస్‌పూర్ యంత్రం ఒకటి తగ్గిస్తుంది: ఇరవై తొమ్మిది. కర్గీ రోడ్ తగ్గిస్తే ఇరవై ఎనిమిది. తిరిగి మన దగ్గర ఇరవై ఏడు, అక్కడ ఇరవై ఆరు. బేసి అంకెలన్నీ మనవి, సరి అంకెలన్నీ కర్గీ రోడ్‌వి. సున్నా సరి. అంటే రెండు యంత్రాలూ బంతిలా విసురుకుంటున్నా, సందేశం ఎప్పుడూ కర్గీ రోడ్ చేతిలోనే పోతుంది!

గురువారం ఉదయం నరహరి గారిని నా తెర ముందు కూర్చోబెట్టాను. "సార్, ఈసారి ముప్పై కాదు, ముప్పై ఒకటితో పంపుతున్నాను. నా వాదన తప్పైతే కబురు కర్గీ రోడ్ నుంచే వస్తుంది."

పంపాను. కబురొచ్చింది. సందేశం బిలాస్‌పూర్ యంత్రం దగ్గర పోయింది.

మళ్ళీ పంపాను. బిలాస్‌పూర్. ముప్పైతో పంపాను. కర్గీ రోడ్. ముప్పై ఒకటి. బిలాస్‌పూర్.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే మన యంత్రమే సంపుతున్నదంటవా?"

"ఇద్దరూ కలిసి, సార్. కర్గీ రోడ్ మనల్ని నమ్మి మన చేతికిస్తోంది. మనం తిరిగి దానికే ఇస్తున్నాం."

"మనమెందుకిస్తున్నం మరి? మనకు కోర్బా దారి ఉన్నది గదా?"

ఫైనల్స్‌లో ఆఖరి వాక్యం చెప్పబోయే ఉత్సాహంతో మా పట్టికను తెర మీదికి తెప్పించాను.

వయసు లేని గీత

రెండు గీతలకు వయసుంది: పన్నెండు సెకన్లు, పంతొమ్మిది. మూడోదానికి లేదు. పెండ్రా రోడ్, కర్గీ రోడ్ మీదుగా. వయసు గడి ఖాళీ. చేత్తో రాసిన గీతకు వయసుండదు. దానికి మూడు నిమిషాల గడువు వర్తించదు. తీసేసేదాకా అదే సత్యం. కోర్బా ఎన్నిసార్లు "నా మీదుగా రండి" అని చెప్పినా మా యంత్రం వినదు. పైగా పెండ్రాకు తనకు దారి తెలుసని కర్గీ రోడ్‌కు అర నిమిషానికోసారి చెబుతుంది. సొంత లైను తెగిన కర్గీ రోడ్ ఆ మాట నమ్మింది.

"ఎవరు రాసిన్రు దీన్ని?" అన్నారు నరహరి గారు.

నాకు తెలుసు. ప్రోగ్రాం పెట్టిన కొత్తలో పై ఆఫీసు నుంచి ఎవరో చూడ్డానికొచ్చారు. వాళ్ళ ముందు పట్టిక నిండడం ఆలస్యమవుతుందేమోనని ఆ గీత రాశాను. యంత్రం ఆగి మళ్ళీ మొదలైనా పోకుండా మొదలయ్యే ఫైల్లోనే పెట్టాను. ఆ ఒక్క మధ్యాహ్నానికే అనుకున్నాను. పేరు రాయలేదు, కారణం రాయలేదు, తీసెయ్యలేదు. లైను బాగున్నన్నాళ్ళూ ఆ గీత నిజమే చెప్పింది కనుక ఎవరికీ తెలియలేదు.

ఆ గదిలో ఈ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. మా గదిలోని పాత ఆపరేటరు రాసుంటాడని అనొచ్చు. అతను ఎప్పుడో బదిలీ అయి వెళ్ళిపోయాడు కూడా. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధమాడను. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని ఊరంతటినీ నిలదీసిన నోటితో ఏం చెప్పాలి?

"నేనే, సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఖాళీ గడి చూపిస్తూ, "డిబేట్ల గెలిచినవ్. కేసుల ఓడినవ్. తియ్యి దాన్ని," అన్నారు.

తీశాను. అర నిమిషం గడవకముందే కోర్బా మీదుగా కొత్త గీత వచ్చి కూర్చుంది, వయసు మూడు సెకన్లు. పెండ్రా పలికింది. నరహరి గారు జాబితా తెప్పించి సింహాచలం పేరు పక్కన రాసింది కొట్టేశారు. "కారణం నువ్వే రాయి. నీ అక్షరాలతోనే పోవాలె పైకి." రాశాను: లోపం ప్రధాన కార్యాలయంలోది, కారణం చేత్తో రాసి వదిలేసిన గీత, రాసింది నేను. ఆయనలో నేను మెచ్చుకునే గుణం ఇదే. వాదనలో ఓడిపోవడానికి ఆయనకు అరగంట పట్టేది, కానీ ఓడాక మళ్ళీ మొదటికి వచ్చేవారు కాదు. నా పనికాలంలో అలాంటి అధికారులను ముగ్గుర్ని మించి చూడలేదు.

సింహాచలానికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"అచ్ఛా," అన్నాడు. "అయితే ఈపాలి కోతి బిలాస్‌పూర్లోనే ఉన్నాదన్నమాట."

సోమవారం

ఆ వచ్చిన సోమవారం పది గంటలకు ఫోన్ మోగే ముందే నేను కర్గీ రోడ్‌కు ఫోన్ చేశాను. "పుస్తకం తియ్యండి సింహాచలం గారూ. ఇవాళ నేను చదువుతాను, మీరు టిక్కు పెట్టండి."

"ఏటి, మీరు నాకు సదుతారా?" నవ్వాడు. తరువాత నవ్వాపేసి పని మొదలెట్టాడు. అతనిలో అంత కఠినమైన న్యాయనిర్ణేత దాగి ఉన్నాడని నాకప్పటిదాకా తెలియదు.

"పెండ్రా రోడ్, కోర్బా మీదుగా," అన్నాను.

"ఎవులు సెప్పేరు?"

"కోర్బా యంత్రం."

"ఎప్పుడు?"

"పదకొండు సెకన్ల క్రితం."

"బస్, సాలు. టిక్కు ఎట్టేను. తరవాతది సదవండి."

మరుసటి ఏడాది అతను పర్మనెంటయ్యాడు. రిటైరయ్యేదాకా ఏ సోమవారమూ నన్ను ఒక్క గీత కూడా తేలిగ్గా దాటనివ్వలేదు.

మీ రోజుల్లో యంత్రాలు మారాయి, వేగాలు మారాయి, పట్టికలు వేల గీతలయ్యాయి. గడువు లేని గీతలు మాత్రం ఇప్పటికీ ఎవరో ఒక మధ్యాహ్నం కోసం రాస్తూనే ఉన్నారు. అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఈ పేజీ మూసి మీ పట్టిక తెరవండి. వయసు లేని ప్రతి గీత దగ్గరా ఆగి ఎవరు రాశారో, ఎందుకు రాశారో కనుక్కోండి. జవాబున్నవాటి పక్కన రాసినవారి పేరూ కారణమూ తీసెయ్యాల్సిన రోజూ రాయండి. తరువాత మీ నెట్‌వర్క్‌లో అన్నిటికన్నా చిన్న ఆఫీసుకు, మీరు ఎప్పుడూ నవ్వుకునే ఆ ఆఫీసుకే, ఫోన్ చేసి మీ పట్టిక చదివి వినిపించండి. అక్కడి మనిషిని ప్రశ్నలడగనివ్వండి. మొదలు మాత్రం మీరు స్వయంగా రాసిన గీతతోనే పెట్టండి.